పిలవని గుమ్మంలో మన ఉత్తరం

(విజయవాడలో పచ్చళ్ళు, పిండివంటలు, చేనేత వస్త్రాలు అమ్మే చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మా అత్తగారి దగ్గర పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి ఉండేది. గుంటూరులో ఇంటి వెనక వసారాలో ఆమె పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టిన నాటి నుంచి కొన్న ప్రతి ఒక్కరి పేరూ అందులో ఉంది. పేరు పక్కన చిరునామా, దాని పక్కన చిన్న అక్షరాలతో ఒక మాట. "వెల్లుల్లి వద్దు." "కారం తక్కువ." "గోంగూర మాత్రమే." "అమ్మాయి డల్లాస్‌లో ఉంది, వేసవిలో వస్తుంది." కొత్త ఆవకాయ జాడీ తెరిచిన వారంలో ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ కార్డు రాసేవారు. ఎవరికి ఏమి రాయాలో ఆ చిన్న మాటే చెప్పేది.

ఆ పుస్తకం నా చేతికి వచ్చిన మూడో ఏడు నేను చేసిన పని ఒకటి ముందుగా చెబుతాను. మీలో చాలామంది ఇప్పుడు అదే పనికి సిద్ధంగా ఉన్నారని పొద్దుటి నుంచి మీ మాటలు వింటే అర్థమైంది.

ఒక మనిషి ఫోను చేసి, అమెరికా, కెనడాలలో ఉన్న తెలుగువారి ఈమెయిలు చిరునామాలు 20,000 ఉన్నాయి, 8,000 రూపాయలు ఇస్తే పంపుతాను అన్నాడు. లెక్క వేశాను. ఒక్కో చిరునామా నలభై పైసలు. యాభై పైసల పోస్టుకార్డు కన్నా చవక. కొన్నాను. ఏప్రిల్ నెలాఖరు, ఆవకాయ కాలం. ఒక రాత్రి కూర్చుని, మా దుకాణం పేరు మీద ఉన్న ఈమెయిలు నుంచే అందరికీ ఒకే ఉత్తరం పంపాను.

తెల్లవారేసరికి వందలకొద్దీ ఉత్తరాలు తిరిగి వచ్చాయి. అటువంటి చిరునామా లేదని కొన్ని, పెట్టె నిండిందని కొన్ని. ఆర్డర్లు మాత్రం రాలేదు. నాలుగో రోజున న్యూజెర్సీ నుంచి మా పాత వాడుకదారు ఒకాయన ఫోను చేశారు. "అమ్మా, డబ్బు పంపి మూడు రోజులైంది. రసీదు లేదు, పార్సెలు నంబరు లేదు. మీరు ఇలా చేసేవారు కాదే" అన్నారు. రసీదు మేము పంపాము. అది ఆయన స్పామ్ పెట్టెలో, అక్కర్లేని ఉత్తరాలను తోసేసే చోట, పడి ఉంది. వెతికి చూస్తే ఆ వారంలో మేము పంపిన రసీదులు చాలావరకు అక్కడే పడ్డాయి. పన్నెండేళ్ళుగా కొంటున్నవారికి మా ఉత్తరం చేరడం మానేసింది. అది కూడా సరిగ్గా ఏడాది మొత్తం మీద గిరాకీ ఉండే ఆరు వారాలలో.

ఇంకొక ఉత్తరం వచ్చింది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. టొరంటో నుంచి ఒక తల్లి రాసింది. "మా ఊరి తెలుగు సంఘానికి నా చిరునామా ఇచ్చింది పాప తెలుగు తరగతుల కోసం. అది మీ చేతికి ఎలా వచ్చింది?" అంతే. తిట్టలేదు. నా దగ్గర జవాబు లేదు. నేను డబ్బిచ్చి కొన్న పట్టిక ఎవరో ఒక సంఘం సభ్యుల జాబితా నుంచి ఎత్తుకొచ్చినదని అప్పుడు తెలిసింది.

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వ్యాపారంలోకి వచ్చేసరికి ఆ మర్యాద ఎందుకు మరిచిపోతాము? ఖర్చు కనబడకపోవడం వల్ల అని నా అభిప్రాయం. కరపత్రం వేయాలంటే కాగితం, అచ్చు, పంచే కుర్రవాడి కూలి ఉంటాయి. అందుకే వెయ్యి వేస్తాము, లక్ష వేయము. ఈమెయిలుకు పంపేవాడి జేబులోంచి పోయేది ఏమీ లేదు. పోయేది అందుకున్నవాడి సమయం. పొద్దున లేచి నలభై ఉత్తరాలలో తనకు కావలసిన మూడు ఏవో ఏరుకునే శ్రమ అతనిది. మన ప్రకటనకు అతని చేత ఖర్చు పెట్టిస్తున్నాము. ఈ మాట దగ్గరే నిలబడితే మిగిలిన మర్యాదలన్నీ వాటంతట అవే తెలుస్తాయి.

ఇది కొత్త గొడవ కాదు. 1978 మే నెలలో, ఇంటర్నెట్ అనే మాట ఇంకా జనంలోకి రాకముందు, అమెరికాలో ఆర్పానెట్ అనే పరిశోధన నెట్‌వర్క్ ఉండేది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో అమ్మకాలు చూసే గ్యారీ థ్యూర్క్ అనే ఆయన, కాలిఫోర్నియాలో తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మంటూ దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపారు. చిరునామాలు ఎన్ని ఉన్నాయంటే, వాటికి కేటాయించిన చోటు చాలక ఉత్తరం లోపలికి పొంగిపోయాయి. చాలామందికి కోపం వచ్చింది. నెట్‌వర్క్‌ను చూసుకునే రక్షణ శాఖ అధికారులు మందలించారు. అడగకుండా గుంపుగా పంపిన తొలి వ్యాపార ఈమెయిలు అదేనని చెబుతారు.

మీకు ఈ కథలో సగమే చెబితే తప్పవుతుంది. ఆ ఉత్తరం వల్ల కోటి ముప్పై లక్షల డాలర్ల దాకా అమ్మకాలు జరిగాయని ఆ థ్యూర్క్ గారే తరువాత చెప్పుకున్నారు. అంటే కోపమూ వచ్చింది, బేరమూ కుదిరింది. ఎందుకు కుదిరింది? అందుకున్నవారంతా కంప్యూటర్లతో పనిచేసేవారు, ఆ ప్రదర్శన జరిగే తీరంలోనే ఉన్నవారు. ఆ యంత్రం వాళ్ళకు పనికివచ్చే వస్తువు. పైగా అప్పటికి ఎవరి పెట్టెలోనూ అటువంటి ఉత్తరం మరొకటి లేదు. ఆ చివరి సౌకర్యం మనలో ఎవరికీ ఇక దొరకదు. మొదటి రెండూ మాత్రం ఈనాటికీ మన చేతిలోనే ఉన్నాయి: తగిన మనిషి, అతనికి పనికివచ్చే సంగతి.

ఆ రెండూ లేకుండా ఎంత పంపితే ఎంత వస్తుందో కూడా లెక్క ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ, శాన్ డియాగో ప్రాంగణాల పరిశోధకులు 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్పామ్ పంపే ముఠా ఒకటి జనం కంప్యూటర్లను దొంగచాటుగా వాడుకుంటుంటే, ఆ ఉత్తరాలలో కొన్నింటిని తాము తయారుచేసిన ఉత్తుత్తి మందుల దుకాణం వైపు మళ్ళించారు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు, కొనడానికి చివరి మెట్టు దాకా వచ్చినవారిని లెక్కపెట్టారు. 26 రోజులు, దాదాపు 35 కోట్ల ఉత్తరాలు. కొనడానికి వచ్చినవారు 28 మంది. దాదాపు కోటీ పాతిక లక్షల ఉత్తరాలకు ఒక్క మనిషి చొప్పున అన్నమాట. పరాయివాళ్ళ కంప్యూటర్లు వాడుకునే దొంగకు ఆ లెక్క సరిపోతుందేమో. దుకాణం పేరే పెట్టుబడి అయిన మనకు సరిపోదు.

మన పచ్చడి దొంగ మందు కాదు, నిజమే. కానీ జీమెయిల్‌కు ఆ తేడా ఎలా తెలుస్తుంది? అది పచ్చడి రుచి చూడదు. చూసేది కొన్ని గుర్తులనే. ఈ దుకాణం పంపిన ఉత్తరాలు ఎన్ని తిరిగి వస్తున్నాయి, ఎందరు తెరవకుండా పారేస్తున్నారు, ఎందరు 'స్పామ్' అనే మీట నొక్కుతున్నారు. కొన్న జాబితాలలో ఉచ్చు చిరునామాలు కూడా ఉంటాయి. ఏ మనిషీ వాడని చిరునామాలు అవి. అడిగి తీసుకున్న జాబితాలోకి అవి మామూలుగా రావు. వాటికి ఉత్తరం వచ్చిందంటే పంపినవాడు ఎక్కడో ఎత్తుకొచ్చాడని అనుమానిస్తారు. స్పామ్‌హాస్ వంటి సంస్థలు అలా పట్టుబడ్డవారి పేర్లు నిషేధ జాబితాలో పెడతాయి, ప్రపంచమంతటా మెయిల్ సర్వర్లు ఆ జాబితా చూసి తలుపు వేసేస్తాయి. నా రసీదులు ఎందుకు చేరలేదో ఇప్పుడు మీకు తెలిసింది కదా. ప్రకటన ఒక దారిన, రసీదు ఒక దారిన పోవు. రెండింటికీ మన పేరు ఒక్కటే.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నియమాలు ఇంకా బిగించాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపే ఉంచుకోండి అని గూగుల్ చెబుతోంది. వెయ్యి ఉత్తరాలు చేరితే ముగ్గురు ఆ మీట నొక్కడం చాలు, మనం గీత దాటినట్టే. ముగ్గురు! కొన్న జాబితాలో వెయ్యిమందికి ముగ్గురే విసుక్కుంటారని మీలో ఎవరైనా హామీ ఇవ్వగలరా? రోజుకు 5,000 కన్నా ఎక్కువ పంపేవారు ప్రకటన ఉత్తరాలలో ఒక్క నొక్కుతో 'ఇక వద్దు' అనే వీలు పెట్టాలి, వద్దన్నవారి పేరు రెండు రోజుల్లో తీసేయాలి. అంత పంపనివారికి కూడా కొన్ని నియమాలు వర్తిస్తాయి.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పేర్లు విని భయపడకండి. మన పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఏ సర్వర్లకు ఉందో చెప్పే పట్టిక ఎస్‌పీఎఫ్. ఉత్తరం మన దగ్గర నుంచే వచ్చిందని, దారిలో ఎవరూ మార్చలేదని చెప్పే లక్క ముద్ర డీకిమ్. ఈ రెండూ సరిపోకపోతే ఉత్తరాన్ని ఏమి చేయాలో అవతలివారికి మనం ముందే చెప్పి ఉంచే మాట డీమార్క్. మీకు వెబ్‌సైటు పెట్టి ఇచ్చిన అబ్బాయిని అడిగితే ఒక పూటలో చేసిపెడతాడు. చేయించుకోండి. అయితే ముద్ర వేసినంత మాత్రాన ఉత్తరం మంచిదైపోదు. ఎవరు పంపారో తెలుస్తుంది, అంతవరకే.

చట్టం సంగతికి వస్తాను. ఇక్కడ కూర్చుని అమెరికాకు పంపితే మనల్ని ఎవరు అడుగుతారు అనుకునేవారు ఉన్నారు. మన కొనుగోలుదారులు అక్కడే ఉన్నారు కాబట్టి అక్కడి నియమాలు తెలుసుకోవడం మన మర్యాదలో భాగం. అమెరికాలో 2004 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చట్టం ముందుగా అనుమతి అడగమనదు. కానీ పంపినవారి పేరు నిజమై ఉండాలి, ఉత్తరం పైన రాసే విషయం మోసం చేసేలా ఉండకూడదు, అసలైన తపాలా చిరునామా ఉండాలి, వద్దనే దారి చూపాలి, వద్దన్నవారి మాట పది పనిదినాల లోపు మన్నించాలి. ఇదివరకు మాట్లాడుకున్నట్టు నమ్మించడానికి 'మీ ఉత్తరానికి జవాబు' అన్నట్టు పైన పెట్టి కొత్తవారికి పంపేవారున్నారు. అది చతురత అనుకుంటారు. అబద్ధంతో మొదలైన బేరం ఎక్కడికి పోతుంది?

కెనడా అమెరికాలాంటిది కాదు. 2014 జూలై 1 నుంచి అక్కడ అనుమతి ముందే ఉండాలి. మన దగ్గర ఏదైనా కొన్నవారికి రెండేళ్ళ పాటు అనుమతి ఉన్నట్టుగా భావిస్తారు, ధర అడిగి ఊరుకున్నవారికి ఆరు నెలలే. జరిమానా సంస్థలకు కోటి కెనడా డాలర్ల దాకా ఉండవచ్చు. టొరంటో తల్లికి నేను పంపిన ఉత్తరం ఎంత తప్పో అప్పటికి నాకు తెలియదు. యూరప్ దేశాలలోనూ మామూలు వ్యక్తులకు రాయాలంటే అనుమతి ఉండాలి. ఇంతకుముందు కొన్నవారికి అదే రకం సరుకు గురించి రాయడానికి కొంత సడలింపు ఉంది.

మన దేశంలో ఫోన్లు, ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు ఉన్నాయి, ప్రకటనలు వద్దని చెప్పే 1909 నంబరు అందరికీ తెలిసిందే. ఈమెయిలు స్పామ్‌కు విడిగా చట్టం లేదు. చిరాకు పెట్టే ఈమెయిలును కూడా నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది. భావప్రకటన స్వేచ్ఛ దృష్ట్యా అది మంచి తీర్పు. అడ్డు లేదు కదా అని మనం అర్థం చేసుకోకూడదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తరువాత అమలవుతాయి. ఆ చట్టంలో మనలాంటివారు పట్టుకోవలసిన మాట ఒకటి ఉంది. సమాచారం ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికే వాడాలి. పార్సెలు పంపడానికి తీసుకున్న చిరునామా పార్సెలుకే. పండగ ప్రకటన పంపాలంటే విడిగా అడగాలి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలి. మా అత్తగారు ఏ చట్టమూ చదవలేదు. అయినా పార్సెలు కట్టేటప్పుడు "కొత్త కాయ వచ్చినప్పుడు ఒక కార్డు రాయనా?" అని అడిగి, సరే అన్నవారి పేరు పక్కన ఒక చిన్న సున్నా చుట్టేవారు.

అయితే తెలియనివారికి అసలు రాయనే కూడదా? ఇక్కడ నా మాట స్పష్టంగా చెబుతాను. రాయవచ్చు. చిన్న వ్యాపారి కొత్త దుకాణం గడప ఎక్కకుండా ఎలా బతుకుతాడు? కానీ ఒక్క మనిషికి, ఆ మనిషి గురించి తెలుసుకుని, మీరే కూర్చుని రాయాలి. ఉత్తరంలో పేరు మార్చి ఇంకొకరికి పంపినా అతికిపోతే, అది ఉత్తరం కాదు, కరపత్రం.

మొన్న మంగళగిరి నుంచి ఒక నేత కుటుంబం వారు తాము రాసిన ఉత్తరం చూపించారు. "గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, మేము నాణ్యమైన చేనేత వస్త్రాల ప్రముఖ తయారీదారులం, అతి తక్కువ ధరలకు" అని మొదలై, పదిహేను ఫొటోల బరువుతో ఉంది. మూడు వందల దుకాణాలకు పంపారు. పైగా అందరి చిరునామాలూ అందరికీ కనబడేలా. ఒక్క జవాబు రాలేదు. ఇద్దరం కూర్చుని తిరిగి రాశాము. అమెరికాలో ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో ఉన్న ఒక్క చీరల దుకాణానికి. వారి అనుమతితో చదువుతాను.

"నమస్కారం. మీ వెబ్‌సైటులో మంగళగిరి చీరలు చూశాను. అన్నీ నిజాం అంచు జరీ చీరలే ఉన్నాయి. మేము ఇంట్లో నాలుగు గుంట మగ్గాల మీద జరీ లేని నూలు చీరలు నేస్తున్నాము. నెలకు ముప్పై కన్నా ఎక్కువ ఇవ్వలేము. ఉద్యోగాలకు కట్టుకెళ్ళడానికి తేలికైనవి అడిగేవారు మీ దగ్గరికి వస్తుంటే, మూడు చీరల ఫొటోలు, ధరలు పంపుతాను. అవసరం లేకపోతే 'వద్దు' అని ఒక్క మాట రాయండి, మళ్ళీ రాయను." కింద పేరు, మంగళగిరి ఇంటి చిరునామా, ఫోను నంబరు.

ఇందులో 'ముప్పై కన్నా ఎక్కువ ఇవ్వలేము' అన్న మాట తీసేద్దామని ఆ ఇంటి పెద్దాయన అన్నారు. తక్కువవారిగా కనబడతామని ఆయన భయం. నేను ఒప్పుకోలేదు. ఆ మాటే నమ్మకం కలిగిస్తుంది. ఎంత కావాలంటే అంత ఇస్తామనేవారు రోజుకు పదిమంది రాస్తారు. మనం చేయగలిగింది ఇంత అని చెప్పేవాడి వెనక నిజమైన మగ్గం ఉంటుందని దుకాణదారుకు తెలుసు. ఫొటోలు మొదటి ఉత్తరంలో పంపకపోవడానికీ కారణం ఉంది. తెలియనివారి నుంచి వచ్చిన జోడింపు తెరవడానికి ఎవరికైనా భయమే. అడిగాక పంపితే, అడిగినవారు తప్పక చూస్తారు. ఇలాంటివి వారానికి ఐదారు కన్నా ఎక్కువ రాయలేరు. రాయలేకపోవడమే ఇక్కడ మనల్ని కాపాడే కట్టుబాటు.

జవాబు రాకపోతే పది రోజుల తరువాత రెండు వాక్యాలతో ఒకసారి గుర్తుచేయండి. ఆ తరువాత ఆపేయండి. వద్దన్నవారిని ఎందుకు వద్దని అడగకండి. అమెరికా చట్టం పది పనిదినాలు ఇచ్చినా, ఆ పూటే పేరు కొట్టేయండి.

ఎందరు తెరిచారో చూపించే లెక్కలు నమ్మకండి. ఐఫోన్లలో 2021 నుంచి వచ్చిన ఒక ఏర్పాటు వల్ల, మనిషి చూడకపోయినా ఉత్తరం తెరిచినట్టు నమోదవుతుంది. ఎందరు జవాబు రాశారు, ఎందరు కొన్నారు, ఎందరు వద్దన్నారు. ఈ మూడూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు.

ఇక మీరు అడగండి.

సభలో ఒకరు: పెద్ద పెద్ద కంపెనీలు రోజూ పంపుతూనే ఉన్నాయి కదమ్మా. వారికి లేని మర్యాద మనకు ఎందుకు?

వారు పంపే వాటిలో చాలావరకు, ఎక్కడో ఒక చోట మనం సరే అని టిక్కు పెట్టినవే, అది మనం మరిచిపోయి ఉండవచ్చు. అడగకుండా పంపేవీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయితే వారి ఉత్తరాలు స్పామ్‌లో పడితే సరిచేయడానికి జీతగాళ్ళు ఉన్నారు, ప్రకటనలకు వేరే దారులున్నాయి. నాకు ఆ ఆరు వారాలు పోతే ఆ ఏడాది పోయినట్టే. పైగా పెద్ద కంపెనీ దగ్గర జనం వస్తువును కొంటారు. మన దగ్గర మనల్ని చూసి కొంటారు.

మరొకరు: మా దగ్గర ఏళ్ళుగా పోగుపడ్డ చిరునామాలు మూడు వేలున్నాయి. ఏవి ఎలా వచ్చాయో గుర్తులేదు. వాటిని ఏమి చేయమంటారు?

మంచి ప్రశ్న అయ్యా. ముందుగా మీ బిల్లు పుస్తకాలు తీయండి. గత రెండేళ్ళలో కొన్నవారి పేర్లు పక్కకు తీయండి. వారికి ఒక్కసారి రాయండి: మీరు ఫలానా నెలలో ఫలానా సరుకు కొన్నారు, కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్పమంటారా, చెప్పమంటే 'సరే' అని రాయండి. సరే అన్నవారిని ఉంచండి. జవాబు ఇవ్వనివారికి ప్రకటనలు పంపకండి, వారు తిరిగి కొన్నప్పుడు మళ్ళీ అడగవచ్చు. ఎలా వచ్చాయో తెలియనివి, కొన్నవి, ఎవరో ఇచ్చినవి తుడిచేయండి. చేయి ఆడదు, నాకు తెలుసు. నేను ఆ 20,000 తుడిచేసిన రోజు 8,000 రూపాయలు నీళ్ళలో పోసినట్టు అనిపించింది. మా జాబితాలో 412 మంది మిగిలారు. మా పేరు మీద పడ్డ మచ్చ పోవడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా ప్రతి రసీదుకూ విడిగా ఫోను చేసి, స్పామ్ పెట్టె చూడండి అని చెప్పుకున్నాము.

ఒక మహిళ: ఆ టొరంటో ఆవిడకు మీరు జవాబు రాశారా?

రాశాను. చిరునామా డబ్బిచ్చి కొన్నానని, అది తప్పని, తుడిచేశానని రాశాను. ఎవరి దగ్గర కొన్నానో కూడా చెప్పాను, వారి సంఘం వారు జాగ్రత్తపడతారని. ఆమె మళ్ళీ రాయలేదు. నేనూ రాయలేదు.

భోజనాలకు వేళయింది. మీలో ఎవరైనా పంపబోయే ఉత్తరం తెచ్చి ఉంటే, తరువాత ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను, కలిసి చదువుదాం.